తోకపిట్టకు కాపలా

జలాల్‌కు అన్నం సహించడం లేదు. పోయినేడాది తోకపిట్ట పెట్టిన ఒక్క గుడ్డూ మురిగిపోయింది. ఈ ఏడూ అలాగే అయితే దీవిలో ఆ జాతి పని అయిపోయినట్టే.

అతని గురువు కరీముల్లా బాబా గుడిసె పక్కనున్న గుట్ట నిండా ఒకప్పుడు తెల్లటి తోకపిట్టలేనట. ఒక్కోదానికి వెనక రెండు పొడుగాటి ఎర్రటి ఈకలు. ఓడలవాళ్లు వాటికోసం ఎగబడ్డారు. తలపాగాల్లో గుచ్చుకుని మురిసిపోయారు. గుడ్లు పొయ్యికెక్కించారు. పోతూ పోతూ ఎలుకల్ని దించిపోతే, మిగిలిన పని అవి చూసుకున్నాయి. ఇప్పుడున్నది ఒక్క జంట. ఏడాదికి ఒకటే గుడ్డు.

జలాల్ ఊరుకునే రకం కాదు. కనబడ్డ ఎలుకనల్లా పట్టేశాడు. పీతల్ని తరిమాడు. పూటకి నాలుగైదుసార్లు వెళ్లి, పొదుగుతున్న పిట్టను మెల్లగా పైకెత్తి గుడ్డు చూసొచ్చేవాడు. మనుషులంటే బెదరని పిట్ట, పాపం, అతని చేతిని నాలుగు పొడుపులు పొడిచి ఊరుకునేది.

"నేను లేకపోతే దాని గతేమిటి బాబా!" అనేవాడు గాట్లు చూపించి. బాబా గడ్డం నిమురుకుని నవ్వేవాడు.

ఇంతలో బాబా గురువుగారి ఉరుసు వచ్చింది. పడవల్లో జనం దిగారు. బిర్యానీలో జలాల్ చెయ్యి తిరిగినవాడు. డేగిశా నింపి, మూత చుట్టూ పిండి మెత్తి, సన్నటి సెగమీద దమ్ముకు పెట్టాడు. చేతులు కడుక్కొచ్చేసరికి బాబా పిండి ఊడబీకి మూత ఎత్తి చూస్తున్నాడు.

"అయ్యో బాబా, ఆవిరి పోతుంది!" జలాల్ గబగబా మూతపెట్టి మళ్లీ పిండి మెత్తాడు.

అటు తిరిగాడో లేదో, బాబా మళ్లీ ఎత్తాడు.

"ఇదేం పని బాబా! ఇలాగైతే అన్నం ఉడికినట్టే!"

"కోప్పడకురా. లోపల క్షేమంగా ఉందో లేదోనని. నేను చూసుకోకపోతే దీని గతేమిటి?"

జలాల్ చేతిమీది గాట్లు చూసుకున్నాడు. సిగ్గేసింది. మూతపెట్టి, పిండి మెత్తి, బాబా కూర్చోడానికి చాప మాత్రం బాగా దూరంగా పరిచాడు.

ఆ రోజు నుంచి గుట్టకు ఇవతలే కాపలా. ఎలుక జాడ కనబడితే తప్ప లేచేవాడు కాదు. గుడ్డు ఎలా ఉందోనని ప్రాణం గిలగిల్లాడినా అంతే.

ఒక పొద్దున గుట్టమీంచి సన్నగా కీచుమని వినిపించింది.

"పిల్లలాగుందే! పోయి చూసిరారా," అన్నాడు బాబా.

జలాల్ కళ్లు చెమ్మగిల్లాయి. కూర్చున్నచోటు నుంచి మాత్రం కదల్లేదు.

"ఇంకా దమ్ములో ఉంది బాబా," అన్నాడు.