బావి పక్కన కంది చెట్టు

చెన్నవీరస్వామికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే కూర్చున్నచోట జవాబు చెప్పేవాడు కాదు. చేతికర్ర అందుకుని బయటికి నడిచేవాడు, అడిగినవాడు వెంట పోవాలి. దారిలో ఆయన పశువులను పలకరిస్తాడు, ఎవరి గోడ కూలిందో కనుక్కుంటాడు, పండిన సీతాఫలం కనిపిస్తే ఆగి తింటాడు. జవాబు ఎక్కడ దొరుకుతుందో ఆయనకే తెలియాలి. కాగ్నా నది ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమంలో మోకాళ్ల నొప్పులున్న శిష్యులు అందుకే ప్రశ్నలు తక్కువ అడిగేవారు.

సంగమయ్య మోకాళ్లు గట్టివి. ఆశ్రమం పొలం పనంతా అతనిదే. ఉన్న ఇల్లూ వాకిలీ అన్నదమ్ములకు వదిలేసి, స్వామి చేత ఉపదేశం పొందాలన్న ఒక్క కోరికతో వచ్చి చేరినవాడు. ఏళ్లు గడిచాయి. ఈ కార్తీక పౌర్ణమికైనా అవుతుందనుకుంటే స్వామి, "శరణప్పతోని మాట్లాడినంక చూద్దాం" అని ఒక్క ముక్కతో తేల్చేశాడు. సంగమయ్యకు ఆ రాత్రి అన్నం సహించలేదు.

శరణప్ప వంటశాల చూసుకునేవాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గొంగడి మీద కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు. ఒక శివరాత్రి భజనలో సంగమయ్య పైస్థాయికి పోబోతే గొంతు కీచుమంది. శరణప్ప ఆపుకోలేక అందరి ముందూ పకపకా నవ్వాడు. అంతే, మాటలు బంద్. పప్పులో ఉప్పు తక్కువైతే సంగమయ్య స్తంభానికి చెప్పేవాడు, శరణప్ప గోడకు జవాబిచ్చేవాడు. మధ్యలో స్తంభానికీ గోడకూ చాకిరీ పెరిగింది. కొత్తగా వచ్చిన శిష్యులు కూడా భోజనాల దగ్గర కొందరు పొలం వైపు పంక్తిలో, కొందరు వంటశాల వైపు పంక్తిలో కూర్చునేవారు. ఎందుకలా అని అడిగితే వాళ్లకూ తెలియదు.

మరునాడు సంగమయ్య స్వామి ముందు కూర్చున్నాడు.

"నేను ఎవలనన్న ఏమన్న అన్ననా స్వామీ? మాటకు మాట చెప్పలే. ఎవలకు కీడు చెయ్యలే. కోపం నా మనసుల ఓ మూలకు ఉన్నది, అంతే. మూలకు ఉన్నది ఎవలకేం చేస్తది?"

స్వామి కర్ర అందుకున్నాడు. "పా, చేను చూసొద్దాం."

కంది చేను పూత మీద ఉంది. పసుపు పూల మీద తేనెటీగలు ఒకటే రొద. స్వామి ఒక రెమ్మ వంచి చూసి సంతోషపడ్డాడు. చేను ముందుభాగం చూస్తే ఎవరికైనా కడుపు నిండుతుంది. కానీ బావి వైపుకు పోయేకొద్దీ పూత పలచబడింది. బావి దగ్గర అసలు లేదు. అక్కడి మొక్కలకు ఆకులు చిన్నవై, లేతపచ్చ మచ్చలు పడి, కొమ్మలు గుబురుగా కమ్ముకున్నాయి. ఒక్క పువ్వు లేదు, ఒక్క పిందె లేదు.

"వెర్రి తెగులు స్వామీ," అన్నాడు సంగమయ్య. ఆశ్రమానికి ఏడాది పొడుగునా పప్పు ఈ చేనిదే. "పోయినేడు ఇంతకంటే తక్కువుండె. తెగులు వచ్చినదాన్ని వచ్చినట్టు పీకి పారేస్తున్న. ఇయ్యాల పీకితే రేపు పక్కదానికి వస్తున్నది. ఎక్కడికెళ్లి వస్తున్నదో సమజైతలేదు."

స్వామి బావి గట్టు మీద కూర్చున్నాడు. "ఎండాకాలంల కంది మీద పరిశోధన చేసే అమ్మ ఒకామె ఇక్కడ అన్నం తినిపోయింది, యాదికుందా? ఆమెనడిగిన. ఇది వైరస్ అట. మొక్క లోపలికి పోయినంక ఏ మందుకూ పోదట. దానికి కాళ్లూ లేవు, రెక్కలూ లేవు. కంటికి కనబడని నల్లి ఒకటి దాన్ని మోసుకొని గాలిల ఎగురుకుంట పోతదట. పోయి వాలిన మొక్కకు అంటిస్తదట."

"నల్లికి మందు కొడితే?"

"కొట్టొచ్చు, మొక్క చిన్నగున్నప్పుడు. తెగులును తట్టుకునే విత్తనం కూడ ఉన్నదట, వచ్చేయేడు తెప్పిద్దాం. కానీ ఆమె ఇంకో ముచ్చట చెప్పింది. ఆ నల్లి కంది మీద తప్ప బతకదట. మాఘం వచ్చేసరికి మనం కంది కోసేస్తం. మళ్ల వానలు పడేదాక చేన్ల ఒక్క మొక్క ఉండదు. మరి అన్ని నెలలు అది ఏం తిని బతికినట్టు?"

సంగమయ్య ఆలోచించాడు. ఆలోచిస్తూ ఆలోచిస్తూనే తల బావి పక్కకు తిప్పాడు.

అక్కడ ఒక కంది చెట్టు ఉంది. ఎప్పుడో రాలిన గింజ మొలిచి, కోయకుండా వదిలేస్తే నిలువెత్తు పెరిగింది. మొదట్లో కాసింది, తర్వాత కాపు మానేసి పచ్చగా గుబురు కట్టింది. ఆ శివరాత్రి మరునాడు వంటశాల గడప తొక్కనని సంగమయ్య ఒంటరిగా వచ్చి కూర్చున్నది దాని నీడనే. అప్పటినుంచి అదే అతని చోటు. నిప్పులు చెరిగే ఎండల్లో చేను నెర్రెలు విచ్చినా, ఆ చెట్టుకు మాత్రం రోజూ బిందెతో నీళ్లు పోసేవాడు.

"అది ఎవలనేం అనది స్వామీ," అన్నాడు తొందరగా. "ఓ మూలకు నిలబడి..."

మాట అక్కడే ఆగిపోయింది. తను పొద్దున అన్న మాటే అది. సిగ్గుతో ముఖం ఎర్రబడింది. అయినా మనిషి ఊరకే లొంగడు కదా, ఆశ్రమ నియమాన్ని అడ్డం పెట్టుకున్నాడు.

"పచ్చగున్నదాని మీద కత్తి పెట్టొద్దని మీరే చెప్పిండ్రు."

"చెప్పిన," అన్నాడు స్వామి. "ఇప్పుడు కత్తి పెట్టుమన్ననా? కొడితే మోడు మళ్ల చిగురు పెడతది. వేరుతోని పీకు."

సంగమయ్య చెట్టు మొదలు పట్టుకుని లాగాడు. కదల్లేదు. గడ్డపార తెచ్చి చుట్టూ తవ్వి మళ్లీ లాగాడు. ఏళ్లతరబడి నీళ్లు తాగిన వేరు లోతుకు దిగింది. చెమటలు కారాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. స్వామి వైపు చూశాడు. ఆయన సీతాఫలం గింజలు ఊస్తూ కూర్చున్నాడు. ఆ వయసాయన్ని సాయం ఎలా అడుగుతాడు? చుట్టూ చూశాడు. కేకేస్తే వినబడే దూరంలో ఉన్నది వంటశాల ఒక్కటే.

నోరు తెరిచాడు, మూశాడు. పూత లేని చేను వైపు ఒకసారి చూశాడు.

"శరణప్పా! ఓ శరణప్పా!"

గొంతు మళ్లీ కీచుమంది. వంటశాలలో గిన్నె ఏదో కిందపడిన చప్పుడైంది. శరణప్ప పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు, ఎవరో బావిలో పడ్డారనుకున్నాడు పాపం.

"ఏమైందిరా సంగా?"

"ఇటు పట్టు. నా ఒక్కనితోని అయితలేదు."

శరణప్ప వచ్చి చెట్టు మొదలు పట్టుకున్నాడు. ఇద్దరూ కాళ్లు తన్నిపెట్టి లాగారు. వేరు ఒక్కసారిగా ఊడి వచ్చింది, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు, చెట్టు వాళ్ల మీద పడింది. ఆకుల కింద నుంచి శరణప్ప నవ్వు వినిపించింది. అదే పకపకా నవ్వు. సంగమయ్యకు ఒళ్లు మండబోయింది. కానీ నెత్తిన మట్టి, నోట్లో కంది ఆకులు, పక్కన పిండి మెత్తుకున్న ముఖం. అతనికీ నవ్వొచ్చింది. ఎన్నేళ్ల నవ్వో, కళ్లలో నీళ్లు తెప్పించేదాకా ఆగలేదు.

చెట్టునూ, తెగులు పట్టిన మొక్కలనూ అక్కడే కుప్పవేసి కాల్చారు.

ఆ పూట భోజనాల దగ్గర శరణప్ప గరిటె పట్టుకుని పొలం వైపు పంక్తికి తనే వచ్చాడు. "ఉప్పు చాలిందా?" అని సంగమయ్యను అడిగాడు. "జెర తక్కువైంది," అన్నాడు సంగమయ్య, స్తంభానికి కాకుండా. కొత్త శిష్యులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు విస్తరాకులు పట్టుకుని ఇటువాళ్లు అటూ అటువాళ్లు ఇటూ జరిగారు. ఈసారి కూడా ఎందుకో వాళ్లకు తెలియదు.

భోజనమయ్యాక సంగమయ్య చేతులు కడిగిస్తుంటే స్వామి, "పౌర్ణమి నాడు పొద్దుగాల తానం చేసి రా," అన్నాడు.

సంగమయ్యకు నేల మీద కాళ్లు ఆనలేదు. అయినా పొలం మనిషి కదా, ఒక అనుమానం పీకుతూనే ఉంది.

"స్వామీ, ఆ జాగల మళ్ల మొలిస్తే?"

"మొలుస్తది," అన్నాడు స్వామి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ. "చిన్నగున్నప్పుడే పీకు. నీళ్లు మాత్రం పొయ్యకు."