ఏనుగవ్వ ఎర్రమట్టి ముద్ర

ఏటి ఒడ్డున మనుషులు మానేసిన ఇటుకల బట్టీ ఒకటి ఉండేది. పొగ మరిచిపోయిన గొట్టం, మట్టి తవ్వుకుపోయిన గోతులు, చుట్టూ తలలూపే రెల్లు. రెండు వానాకాలాలు గడిచేసరికి గోతుల్లో నీళ్లు చేరాయి, నీళ్ల మీద కలువలు తేలాయి. పొద్దున్నే మంచులో చూస్తే బట్టీ నేల మీద ఉందో, ఎవరి నిద్రలోనో ఉందో తెలిసేది కాదు.

ఆ చోటికి మొదటి కాపురం సన్నాయిది. సన్నాయి ఒక గాడిద. దాని గొంతు విని ఎవరో వేళాకోళానికి పెట్టిన పేరది. ఏడేళ్లు ఇటుకలు మోసింది, అడుసు తొక్కింది. బట్టీ మూసిన రోజు అందరూ లారీ ఎక్కారు, దానికి మాత్రం లారీలో చోటు లేకపోయింది. ఏం చెయ్యాలో తోచక అలవాటు కొద్దీ తిరుగుతూనే ఉంది, గోతి నుంచి బట్టీకి, బట్టీ నుంచి ఏటికి. దాని గిట్టల కింద బాట పడింది. ఆ బాట పట్టుకుని గంపమ్మ అనే కోడి పిల్లలతో వచ్చింది. కోడి వెనక కుందేళ్లు, బట్టీ కన్నాల్లోకి ఉడుతలు, గొట్టం మీదికి గోరింకలు వచ్చాయి. దారులు ఎటు పోవాలో ఎవరూ గీయలేదు. కోడిపిల్లకి నీడ కావలసిన చోట దారి వంగింది, కుంటి కుందేలు అలిసిపోయే చోట వెడల్పయింది.

వాళ్లకి ఉన్నది ఒక్కటే భయం. చలి ముదరకముందే కొండ మీది ఏనుగుల మంద ఏటికి దిగుతుంది. అడ్డం ఏముందో చూడదు, తొక్కుకుంటూ పోతుంది. కాకపోతే అంతకు ముందు మందకు పెద్దదైన ఏనుగవ్వ ఒక్కతే వచ్చి ఒడ్డు పొడుగునా ఉన్న పేటలన్నీ తిరుగుతుంది. పాడుపడ్డ చోటుకి మళ్లీ ప్రాణం పోసిన పేటను ఒకదాన్ని మెచ్చి, తొండంతో ఎర్రమట్టి ముద్ర వేస్తుంది. ముద్ర పడిన పేటను మంద చుట్టి పోతుంది. ఏడాదికి ఒక్కటే ముద్ర.

ఆ సంగతి చెవిన పడగానే నక్క భూషణం దిగాడు. వచ్చిన రోజే పేట సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సంఘం ఒకటి ఉందని అప్పటిదాకా పేటలో ఎవరికీ తెలియదు.

"ఏమిటర్రా ఈ వంకర సందులు?" అన్నాడు రెల్లుపుల్లతో గాలిలో గీత గీస్తూ. "ఏటి నుంచి బట్టీ దాకా తిన్నగా ఒకే వీధి పడాలి. వెడల్పుగా! అటూ ఇటూ తెల్లరాళ్లు. చూసినవాళ్ల కళ్లు తిరిగిపోవాలి."

"మా కోళ్లకి అంత వెడల్పెందుకండీ?" అంది గంపమ్మ. "అవతలి వైపుకి దాటేసరికి గద్ద రెండుసార్లు వచ్చిపోతుంది."

"ఇదిగో, ఈ ఆలోచన వల్లే మీరు ఇలా మిగిలిపోయారు."

"మీరు రాకముందు బాగానే మిగిలాం బాబూ," అంది గొట్టం మీంచి గోరింక కాసులు.

భూషణం వినలేదు. వారం రోజుల్లో వీధి పడింది. దాని కోసం నీడ చెట్లు పోయాయి, కన్నాలు పూడిపోయాయి. గిజిగాళ్లని బతిమాలి, బెదిరించి, వీధి పొడుగునా గూళ్లు అల్లించి వేలాడదీయించాడు. అల్లడం అయిపోగానే వాటినీ వెళ్లగొట్టాడు. గుడ్లు పెడితే గూళ్లు మాసిపోతాయట. వీధి చివర తనకో బొరియ తవ్వించుకుని, దానికి అధ్యక్ష భవనం అని పేరు పెట్టుకున్నాడు.

అంతా అయ్యాక సన్నాయి దగ్గరికొచ్చాడు.

"చూడమ్మా, తప్పుగా అనుకోకు. అవ్వ వచ్చేటప్పుడు నువ్వు, ఆ కుంటి కుందేలు, బురద కాళ్ల కోళ్లు వీధిలో ఉంటే ఏం బాగుంటుంది చెప్పు? బట్టీ వెనక పగిలిన ఇటుకల గుట్ట ఉంది కదా, నాలుగు రోజులు అందరూ అక్కడ సర్దుకోండి. మధ్యలో తాటాకు దడి కట్టిస్తా."

"ముద్ర మా పేటకా, దడికా?" అడిగింది సన్నాయి.

"ముద్ర పడితే మీ ప్రాణాలు దక్కుతాయి. నీకు కావలసింది అదే కదా?" అని గొంతు తగ్గించాడు భూషణం. "ఇంకో మాట. అవ్వ ఉన్నంతసేపు ఒక్కరూ నోరు విప్పకూడదు. కూత వినిపించిందో, గంపమ్మ పిల్లలకి నాది పూచీ కాదు."

గంపమ్మ రెక్కల కింద పిల్లలు ముడుచుకున్నాయి. సన్నాయి గుట్ట వైపు నడిచింది. దాని వెనక పేటంతా నడిచింది.

గుట్ట మీద నిలబడితే ఇటుక ముక్కలు గుచ్చుకునేవి, కూర్చుంటే మంచు నీళ్లు కిందికి చేరేవి. రెండు రోజులు ఎవరికీ ఏమీ తోచలేదు. మూడో రోజు పొద్దున మంచు పాలమీగడలా కదులుతుంటే, సన్నాయి ఉన్నట్టుండి చెవులు నిక్కించింది. చెవులకి ఏమీ వినిపించలేదు. గిట్టలకి వినిపించింది. ఎక్కడో లోపల, రాళ్ల కింద, నేల మెల్లగా గుర్రుపెడుతున్నట్టు.

"కాసులూ, మంద కదిలిందే."

"కొండ అంత దూరాన ఉంటే నీకెలా తెలిసిందక్కా?"

"కాళ్లతో. మోతలకి వెళ్లే రోజుల్లో కొండ దారిలోనూ ఇంతే. మంద కనపడకముందే నా గిట్టలకి తెలిసిపోయేది. ఒకసారి దగ్గరగా దాటిపోయారు. ఆ అవ్వ ఆగి, కళ్లు మూసుకుని, ముందుకాలు నేలకానించి నిలబడిపోయింది. ఎవరో చెబుతుంటే వింటున్నట్టు." సన్నాయి ఆలోచనలో పడింది. "ఆవిడ అడుగు నాకు తెలిసినప్పుడు, మన అడుగులు ఆవిడకి తెలియకుండా పోతాయా?"

కాసులు తల వంచి చూసింది. "భూషణం నోరు మూసుకోమన్నాడు."

"మూసుకుందాం. కాళ్లు కట్టేసుకోమనలేదుగా."

సన్నాయి గుట్ట కిందికి దిగి, గోతి అంచున మెత్తటి మట్టి చూసుకుని అడుసు తొక్కడం మొదలుపెట్టింది, ఏడేళ్లు తొక్కినట్టే. ఈసారి వెనక కర్ర పట్టుకుని ఎవరూ లేరు. ఉడుతలు ఆ అడుసు మోసి ఇటుక ముక్కల సందులు పూడ్చాయి. కుందేళ్లు మంచు నీళ్లు పోవడానికి కాలవ తవ్వాయి. గంపమ్మ పిల్లలు పడిపోతున్న చోట గట్టు లేచింది. సాయంత్రానికి గుట్టకి ఒక పక్క ఎండ కాచుకునే అరుగు వచ్చింది. ఎవరు వేశారో ఎవరికీ గుర్తులేదు, అందరూ మాత్రం దాని మీద కూర్చున్నారు.

మర్నాడు పొద్దున్నే ఏనుగవ్వ వచ్చింది. మంచులోంచి రాలేదు, మంచే ఒక చోట చిక్కబడి అవ్వయినట్టుంది. సన్నాయి అడుసు తొక్కుతూనే దడి సందులోంచి చూసింది.

తెల్లరాళ్లు మెరుస్తున్నాయి. గూళ్లు ఊగుతున్నాయి. భూషణం తోక దువ్వుకుని వీధి మధ్యలో నిలబడ్డాడు.

"రండి పెద్దమ్మగారూ! ఒకప్పుడు ఇది బూడిద కుప్ప. నా ఒక్కడి ఆలోచనతో..."

అవ్వ ఆగింది. కళ్లు మూసుకుని, ముందుకాలు నేలకానించింది. మురిసిపోయిందనుకున్నాడు భూషణం. ఆ ముచ్చట చెడకూడదని తానూ ఊపిరి బిగబట్టి కొయ్యలా నిలబడ్డాడు.

చాలాసేపటికి అవ్వ అడిగింది. "ఎంతమంది ఉంటారు నాయనా ఇక్కడ?"

"మూడొందల గడప, పెద్దమ్మగారూ."

"ఏరీ?"

"తమరు వస్తున్నారని... భక్తితో... లోపల కూర్చున్నారు."

"నిద్రపోయేవాడైనా ఒత్తిగిలతాడు కదయ్యా. నీ మూడొందల గడపల్లో ఒక్క ఎలుక తోకైనా కదల్లేదు." అవ్వ కళ్లు తెరవకుండానే పక్కకి తిరిగింది. "అటు వైపు ఎవరో బతుకుతున్నారు."

"అబ్బే, అది చెత్తగుట్టండీ!"

అవ్వ నడిచింది. తాటాకు దడి అడ్డం ఉందని ఆవిడకి తెలిసిందో లేదో, అది మాత్రం పటపటా విరిగి పడింది.

మోకాళ్ల దాకా మట్టితో గంపమ్మ, కాలవలో తల దూర్చిన కుందేళ్లు, అడుసులో సన్నాయి. అందరి నోళ్లూ బిగించి ఉన్నాయి.

"ఏమర్రా, నోళ్లలో ఏం దాచుకున్నారు?"

"ఆజ్ఞ అవ్వా, ఆజ్ఞ!" కాసులు ఇక ఆపుకోలేకపోయింది. "పొద్దుట్నించి మింగలేక, కక్కలేక చస్తున్నాం!"

అవ్వ ఒళ్లంతా కదిలేలా నవ్వింది. గూళ్ల మీది మంచు జలజలా రాలింది.

"ఈ గుట్టకి పటం గీసిందెవరు?"

"పటమంటే ఏమిటో తెలియదవ్వా," అంది సన్నాయి. "పిల్లలు పడిపోతుంటే గట్టు వేశాం. కుందేలు మామ కాలు కుంటిది, ఆయన వచ్చే వైపు రాళ్లు తీసేశాం. ఎండ ఇటు పడుతోంది కాబట్టి అరుగు ఇటు వచ్చింది."

అవ్వ తొండం గోతిలో ముంచి, ఎర్రటి అడుసు తీసి, గుట్ట మీది పెద్ద ఇటుక మీద అదిమింది. ముద్ర పడింది. గంపమ్మ పిల్లలు దాని చుట్టూ చేరి తడి ఆరకముందే పొడిచి చూశాయి.

"ఈ గుట్ట, ఆ బట్టీ, గోతుల చుట్టూ మిగిలిన వంకర దారులు మావాళ్లు తొక్కరు," అంది అవ్వ. "కానీ ఏటికి మాకూ ఒక దారి కావాలి కదా. ఆ వీధి చూడండి, మా కోసమే వేసినట్టుంది! ఎంత వెడల్పో! పైగా ఎవరూ ఉండటం లేదు."

"నేనుంటానండీ!" భూషణం గొంతు చీలిపోయింది. "చివర్న నా భవనం ఉంది!"

"నువ్వా? ఇందాక ఎంత విన్నా తెలియలేదే నాయనా."

అవ్వ వెళ్లిన మూడో రోజు మంద దిగింది. తెల్లరాళ్లు, ఖాళీ గూళ్లు, అధ్యక్ష భవనం, అన్నీ మెత్తటి ధూళి అయి పొద్దుటెండలో బంగారంలా పైకి లేచాయి. ఆ ధూళిలోంచి దగ్గుకుంటూ, తోక కాళ్ల మధ్య ఇరికించుకుని భూషణం గుట్ట దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"కాస్త చోటివ్వండమ్మా."

"సంఘం కూర్చుని ఆలోచించాలండీ," అంది కాసులు. "అధ్యక్షులు వచ్చేదాకా ఆగండి."

గంపమ్మ ముక్కు నేలకి రాసింది, అటు చూడకుండా. సన్నాయి మాత్రం కిందనున్న కాలవ వైపు గిట్ట చూపించింది.

"అక్కడ పూడిపోయింది. తవ్వు. నీళ్లు పారితే రేపట్నించి ఆ పక్కనే ఉండు. గంపమ్మ పిల్లలు ఆ దారినే వస్తారు, నువ్వు పక్కకి జరిగి దారివ్వాలి."

భూషణం చెవుల దాకా బురదతో తవ్వుతూ ఉన్నాడు. మంద దూరంగా ఏట్లో దిగుతున్న చప్పుడు నేలలోంచి అతని కాళ్లకీ తెలిసింది. జీవితంలో మొదటిసారి.

నీతి: ఉండేవాళ్లని తరిమి అందం చేసిన చోటు ఊరు కాదు, ఎవరైనా తొక్కుకుంటూ పోగలిగే ఖాళీ జాగా.