నక్కగారి మంచింటి గృహప్రవేశం

మంచు అంటే మీరు పొద్దున్నే గడ్డిమీద మెరిసే చుక్కలనుకుంటున్నారేమో. అదేం మంచండీ, ఎండ మొహం చూడగానే పారిపోతుంది! నేను చెప్పేది కొండమీది మంచు. కాలు పెడితే మోకాలు మాయం. మోకాలు ఎక్కడుందా అని వంగితే ముక్కు మాయం. అలాంటి కొండమీద ఒక మేక, ఒక ఎలుగుబంటి, ఒక నక్క ఇరుక్కుపోయాయి.

ఏటా చలి మొదలవగానే ఆ కొండమీది జంతువులన్నీ లోయలోకి దిగిపోతాయి. ఈ ఏడు మేక మహాలక్ష్మికి సరిగ్గా అప్పుడే పురుడొచ్చింది. పిల్ల పుట్టి, నాలుగు కాళ్ళమీద నిలబడడం నేర్చుకునేసరికి కొండచరియ విరిగి దారి మూసేసింది. ఆ చరియే ఎలుగుబంటి అప్పలస్వామి గుహకీ అడ్డం పడింది. పాపం, చలికాలమంతా పడుకోవాల్సిన జీవి. పడుకోడానికి చోటు లేక నడుస్తూ నడుస్తూనే కునుకు తీస్తున్నాడు. ఇక నక్క జంబుకేశ్వరం గారున్నారే, ఆయన అందరూ దిగిపోయాక వాళ్ళు దాచుకున్న తిండి వెతుక్కుందామని కావాలనే ఆగారు. అదీ ఆయన సంగతి.

ఒకరోజు ఆకాశం బూడిద రంగుకి తిరిగింది. ఉత్తరం నుంచి గాలి ఈల వేస్తోంది. మహాలక్ష్మి ముట్టె ఎత్తి వాసన చూసింది.

"ఒరే అప్పలసామీ! రేపు పొద్దు గుంకేసరికి మంచు తుఫాను వచ్చేస్తుందిరా. ఈలోగా గూడు లేకపోతే నా పండుగాడు బతకడు."

పండు అంటే పిల్ల. తల్లి పొట్ట కింద నిలబడి గడగడా వణుకుతున్నాడు.

"గూడు దేంతో కడదాం అక్కా? ఇక్కడున్నదంతా మంచేగా," అన్నాడు అప్పలస్వామి ఆవులిస్తూ.

"మంచుతోనే కడదాం."

"చలేస్తుంటే చల్లటి దాంట్లోనే దూరమంటావా! నీకేమైనా పిచ్చా?"

"పిచ్చి కాదురా, బుద్ధి. మంచు గాలిని ఆపుతుంది, మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. దుప్పటికి మాత్రం సొంతంగా వేడుంటుందా ఏమిటి? నీ అంత శాల్తీ లోపల పడుకుంటే చాలు, పొయ్యి కూడా అక్కర్లేదు."

మహాలక్ష్మికి నోరెక్కువ. నోటితోపాటు పనీ ఎక్కువే, అది ఒప్పుకోవాలి. అప్పలస్వామి చేత మంచు కుప్ప పోయించింది. కుప్ప గట్టిపడాలి, ఎక్కి తొక్కరా అంది. వాడు ఎక్కాడు, తొక్కాడు, అక్కడే పడి నిద్రపోయాడు. అదీ మంచిదే అయింది. వాడి బరువుకి తెల్లారేసరికి కుప్ప రాయిలా బిగిసింది.

పొద్దున్నే తవ్వకం మొదలు. వాడు లోపల తవ్వడం, ఆవిడ కొమ్ములతో బయటికి తోయడం. తోసిందంతా పక్కన ఇంకో కుప్పగా పేరుకుంటోంది.

జంబుకేశ్వరం గారు ఎదురుగా బండమీద కూర్చుని, తోక ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు.

"ఏమ్మా మహాలక్ష్మీ, ఇంత బుల్లి ఇల్లా? హాలేదీ? వరండా ఏదీ?"

"హాలు పెడితే దాన్ని ఎవరు వెచ్చబెడతారు, మీ తాతా?"

"ఆ గుమ్మమేమిటి, పాకుతూ పోవాలా? మర్యాదస్తులు వస్తే ఎలా?"

"మర్యాదస్తులకి చలెయ్యదా? చలి కిందే ఉంటుందండీ. గుమ్మం కింద, పడుకునే అరుగు పైన. అందుకే అలా కట్టాం. కప్పులో ముట్టె పట్టేంత చిల్లు, ఊపిరాడ్డానికి. సరేగానీ, ఊరికే కూర్చోకపోతే వచ్చి ఓ చెయ్యి వెయ్యకూడదూ? మీకూ ఒక మూల ఇస్తాం."

"నేనా!" జంబుకేశ్వరం గారు గుండెమీద పంజా వేసుకున్నారు. "మా వంశంలో నడుం వంచిన నక్క లేడమ్మా."

"అయితే నిటారుగానే గడ్డకట్టండి," అంది మహాలక్ష్మి.

మధ్యాహ్నానికి ఇల్లు తయారైంది. అరుగుమీద దేవదారు కొమ్మలు మెత్తగా పరిచారు. పండుగాడు లోపలికి దూరి, ఒక గంతేసి, కొమ్మల్లో ముడుచుకుని వణకడం మానేశాడు. ఆ తల్లికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడొచ్చారండీ నక్కగారు, మొహం వేలాడేసుకుని. ఇంటి చుట్టూ తిరిగారు. తోకతో గోడలు కొలిచారు. గుండ్రటి ఇల్లు కదా, ఈశాన్యం మూల ఎక్కడుందా అని గిరగిరా తిరిగి, కళ్ళు తిరిగి కూలబడ్డారు.

"అయ్యయ్యో మహాలక్ష్మీ! ఎంత పని చేశావమ్మా!"

"ఏమైందండీ?"

"దక్షిణ ద్వారం! యముడి దిక్కు! మూలలు లేవు, నడినెత్తిన చిల్లు. పైగా పసివాడున్న ఇల్లు!" పసివాడు అన్నప్పుడు గొంతు బాగా తగ్గించారు.

గాలి ఉత్తరం నుంచి వస్తోంది గనక గుమ్మం దక్షిణానికి పెట్టింది మహాలక్ష్మి. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్ల పేరు చెప్పి భయపెడితే ఎంత గట్టి తల్లికైనా నోరు పడిపోతుంది. అక్కడే దెబ్బ కొట్టాడు వెధవ.

"మరి ఇప్పుడెలాగండీ?" అంది సన్నగా.

"నా జాతకం గట్టిది. తుఫాను వెళ్ళేదాకా నేనుండి ఆ దోషమంతా మింగుతాను. నేనేమైపోయినా ఫర్వాలేదు. మీరు ఆ బండ చాటున సర్దుకోండి."

మహాలక్ష్మి పండుని లేపి బయటికి తెచ్చింది. బండ చాటున నిలబెట్టి తను అడ్డంగా నిలబడింది. గాలి తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. పిల్లాడి చెవులు చల్లబడిపోయాయి.

పక్కనే బండకి ఆనుకుని కునుకుతున్న అప్పలస్వామి ఒక కన్ను తెరిచాడు. "అక్కా, నాకు తెలీక అడుగుతాను. దోషం మింగేవాడు కూనిరాగం తీస్తాడా?"

నిజమే. ఇంట్లోంచి రాగం వినిపిస్తోంది, దాంతోపాటు టకటకా చప్పుడు కూడా. మహాలక్ష్మి వెళ్ళి తొంగి చూసింది. జంబుకేశ్వరం గారు వంగకుండా నడవడానికి వీలుగా గుమ్మాన్ని పైదాకా పగలగొట్టేస్తున్నారు. కప్పులో చిల్లుని అప్పుడే మంచుతో పూడ్చేశారు కూడా.

వెనక్కొచ్చేసరికి ఆవిడ గడ్డం ఎగిరెగిరి పడుతోంది.

"వాడి వాస్తు తగలెయ్యా! పసివాడి పేరు చెప్పి నన్నే బురిడీ కొట్టిస్తాడా!"

"తోక పట్టుకుని అవతల పారేయనా?"

"పారేసి ఏం లాభంరా? ఇల్లు పాడు చేసేశాడు. అంత గుమ్మం పెట్టాక అది ఇల్లు కాదు, గాలికి రహదారి. నువ్వు పోయి ఆ పక్క కుప్ప తవ్వు. పొద్దుట్నుంచీ అదీ బిగిసే ఉంటుంది. చప్పుడు చెయ్యకు, నిద్రపోకు. ఇంకో ఇల్లు ఉందని తెలిస్తే దానికీ దోషం చెప్తాడు. వాణ్ణి నేను చూసుకుంటాను."

పాత గుమ్మం ముందుకెళ్ళి, మహాలక్ష్మి కొమ్ములు వంచి వినయంగా నిలబడింది.

"స్వామీ, మీలాంటి శాస్త్రం తెలిసినవారు గృహప్రవేశం చెయ్యకుండానే ఇంట్లో ఉంటున్నారేమిటి? పాలు పొంగించొద్దూ?"

నక్కగారు తల బయటపెట్టారు. "పాలా?"

"నావే ఇస్తాను. పొయ్యి ఇంటి నడిమధ్యన పెట్టాలి, పాలు తూర్పుకి పొంగాలి. పొంగాక మిగిలినవి ఇంటాయనకే కదండీ."

నక్కగారికి నోరూరింది. వద్దంటే శాస్త్రం తెలీనట్టవుతుంది, సరేనంటే గోరువెచ్చటి పాలు. ఇంకేం కావాలి? ఎండాకాలంలో యాత్రికులు వదిలేసిపోయిన సత్తు గిన్నె, అగ్గిపెట్టె ఎక్కడో దాచుకున్నారు. పరుగెత్తుకెళ్ళి తెచ్చారు. మహాలక్ష్మి ఓ గుక్కెడు పాలిచ్చింది. పిల్లాడి పాలు గదా, మనసు చివుక్కుమంది. అయినా ఇచ్చింది.

"ముహూర్తం?" అంది.

"పొద్దు వాలాక," అన్నారాయన, ఎంత ఆలస్యంగా చెబితే అంత గొప్పగా ఉంటుందని. మహాలక్ష్మికీ కావాల్సింది అదే. పక్క కుప్పలో అప్పలస్వామి గబగబా తవ్వుతున్నాడు.

పొద్దు వాలింది. పొయ్యి వెలిగింది. ఎక్కడ? మంచింటి నడిమధ్యన!

కాసేపటికి కప్పునుంచి ఒక చుక్క నక్కగారి ముక్కుమీద పడింది.

"ఏమిటది?" అన్నారు.

"దేవతలు అక్షింతలు వేస్తున్నారండీ," అంది మహాలక్ష్మి బయటినుంచి.

చుక్కలు ధార కట్టాయి. చెవుల్లోకి, వీపుమీదికి, తిన్నగా గిన్నెలోకి. పాలకంటే నీళ్ళెక్కువయ్యాయి, ఇక పొంగెక్కణ్ణుంచి వస్తుంది! పూడ్చిన చిల్లువల్ల పొగ లోపలే సుడి తిరుగుతోంది.

"పొంగట్లేదేమిటి మహాలక్ష్మీ!" దగ్గుతూ అరిచారు.

"పుల్లలు చాలవేమో. అరుగుమీది కొమ్మలు కూడా వెయ్యండి."

వేశారు. మంట లేచింది.

"గిన్నె కాస్త తూర్పుకి వంచనా?"

"తూర్పేదో తెలుస్తోందా అండీ?"

పాపం, ఆ పొగలో ఆయనకి తన తోకే కనపడ్డం లేదు. గిన్నె చేతిలో పట్టుకుని తూర్పు కోసం ఒక చుట్టు తిరిగారు. తోక గోడకి తగిలింది. అంతే! కప్పు మొత్తం ధభీమని ఆయన నెత్తిన దిగింది.

కాసేపు ఏ చప్పుడూ లేదు. మహాలక్ష్మికి భయం వేసింది కూడా. తరవాత మంచులోంచి ముందు సత్తు గిన్నె లేచింది, దాని కింద నక్కగారి తల. మీసాలనుంచి పాలు కారుతున్నాయి, ఆ కారేవి అక్కడికక్కడే గడ్డకడుతున్నాయి.

"పొంగాయాండీ?" అంది మహాలక్ష్మి.

ఆయన నోరు తెరిచేలోపు తుఫాను రానేవచ్చింది. గాలి హోరున లేచింది. మహాలక్ష్మి పండుని ముందుకు తోసుకుని కొత్తింట్లోకి దూరింది. లోపల అప్పలస్వామి అప్పటికే అరుగుమీద పడి గురక పెడుతున్నాడు. కొత్తగా తెచ్చిన కొమ్మలు ఓ పక్కన పడేసి, పరవకుండానే పడుకున్నందుకు ఒక్క కుమ్ము కుమ్మి, పక్కకి జరిపి, కొమ్మలు తానే సర్దింది. వాడి పొట్టకి ఆనుకుని పిల్లాడు ఒళ్ళు విరుచుకున్నాడు. చెవులు మళ్ళీ వెచ్చబడ్డాయి. తల్లి ఆ చెవులు నాకింది, ఇంకోసారి నాకింది.

గుమ్మం దగ్గర మూలుగు వినిపించింది.

"మహాలక్ష్మమ్మ తల్లీ... నీ బిడ్డలాంటి వాణ్ణి..."

"ఈ ఇల్లూ దక్షిణ ద్వారమేనండీ. దోషం తగులుతుంది."

"దక్షిణంలాంటి దిక్కు ఇంకోటి లేదమ్మా! మా ఇంట్లో అందరం దక్షిణానికే పుట్టాం!"

"మరి గుమ్మం చాలా కిందకుంది. పాకాలి."

ఆయన అప్పటికే పాకుతున్నారు. పొట్ట మంచుకి రాసుకుంటూ, గడ్డం నేలకి ఆనించి, సగం లోపలికి వచ్చి ఆగారు.

"ఇక ఆగండి," అంది మహాలక్ష్మి. "అక్కడే!"

"ఇక్కడా? గుమ్మంలోనా?"

"ఇంటికి అన్నీ అమిరాయి. తలుపొక్కటే లేదు. అటు తిరిగి ముడుచుకోండి. ఆ తోక కన్నానికి అడ్డం పెట్టండి. ఊఁ, ఇంకొంచెం ఎడమకి."

జంబుకేశ్వరం గారు ముడుచుకున్నారు. గాలి రావడం ఆగిపోయింది. మంచి తలుపే, నిజం చెప్పొద్దూ.

తుఫాను కొండని ఊపేస్తోంది. లోపల వెచ్చగా ఉంది. అప్పలస్వామి నిద్రలోనే గొణిగాడు.

"అక్కా, తలుపు వణుకుతోంది."

"వణకనీరా. మెలకువగా ఉందన్నమాట," అని మహాలక్ష్మి పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

ఇంతకీ దీనివల్ల తెలిసేదేమిటంటే, ఇల్లు కట్టేటప్పుడు నడుం వంచనివాడు ఆ ఇంట్లో దూరేటప్పుడు పొట్టమీద పాకాల్సిందే.