ద్వారం దగ్గర ఆగిన పెద్దక్క

మంచుకొండల నడుమ ఒక లోయలో ఏటా పంట ఇంటికి చేరాక జాతర జరిగేది. చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లంతా పల్లకీల్లో వచ్చి రాజుగారి మైదానంలో కొలువుదీరేవారు.

ఆ ఏడు కొత్తగా వచ్చిన దివాను, వెండి పల్లకీ లేని దేవుళ్లకు మైదానంలో చోటు లేదని ఆజ్ఞ వేశాడు. అన్నిటికన్నా ఎత్తున ఉన్న పేద ఊరి అమ్మవారిది కొయ్య పల్లకీ. మూడు రోజులు కొండ దిగి వచ్చిన ఆ ఊరివాళ్లను భటులు ద్వారం దగ్గరే ఆపేశారు. ఆడవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

వాళ్లలో డోలు వాయించే జింద్రూ మాత్రం, "దివానుగారి మాట దాటొద్దు. అమ్మను ఇక్కడే దారి పక్కన దించండి" అన్నాడు.

కాసేపటికి మిగతా పల్లకీలు వచ్చాయి. ఆ లోయ దేవుళ్లందరికీ ఈ అమ్మవారు పెద్దక్క. అక్కను దాటి తమ్ముళ్లు ముందుకు వెళ్లే ఆచారం లేదు. వచ్చిన పల్లకీ వచ్చినట్టే ఆమె పక్కన ఆగిపోయింది. జనమూ అక్కడే గుమిగూడారు. లోపల రాజుగారు ఖాళీ మైదానాన్ని చూస్తూ కూర్చున్నారు.

దివాను పరుగున వచ్చి, "ఏమిట్రా ఈ ఆగడం?" అని గద్దించాడు.

"మా అమ్మ తమరి ఆజ్ఞ ప్రకారం బయటే ఉంది కదయ్యా! తమ్ముళ్లను లోపలికి రమ్మని తమరే ఒప్పించండి" అన్నాడు జింద్రూ చేతులు కట్టుకుని.

వెనకే వచ్చిన రాజుగారు ఆ మాట విని నవ్వేశారు. చెప్పులు విడిచి, అమ్మవారికి దండం పెట్టి, "లోపలికి దయచెయ్యి తల్లీ" అన్నారు. తరవాత దివాను వంక చూశారు.

దివాను తలపాగా తీసి పక్కన పెట్టి, పల్లకీ బొంగుకు తన భుజం ఆనించాడు. జింద్రూ డోలు అందుకున్నాడు.