అప్పుడే అరిచిన మేకు

నేలలో నీళ్ళు వెతికే పెట్టెలు చేసే వకుళమ్మ మేడం ఎవరి ప్రశ్నకైనా జవాబు చెప్పగా విన్నవాళ్ళు లేరు. అడిగినవాడికి ఆవిడ ఏదో ఒక పని చెబుతారు. శిష్యుడు మాల్యాద్రికి చెప్పిన పని కథ చిన్నదే, రెండు ముక్కల్లో అయిపోతుంది. అయితే అది జరిగింది రాళ్ళచెలమలో కాబట్టి ముందు ఆ ఊరి సంగతి కొంత చెప్పక తప్పదు.

రాళ్ళచెలమలో ఇళ్ళు అరవై, ఎండిన బోర్లు పదకొండు. ఒక్కో బోరు వెనకా ఒక పెద్దమనిషి ఉన్నాడు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసినాయన ఒకరు, వేపపుల్ల పట్టుకు నడిచినాయన ఒకరు, కలలో చూసినాయన ఇంకొకరు. కలలో చూసినాయన తను చూసింది నీళ్ళేనని, ఊరే తప్పు చోట తవ్విందని ఇప్పటికీ అంటాడు. ఆ ఊళ్ళో మెల్లగా మాట్లాడే మనిషి పూజారి ఒక్కడే. ఆయనకూ గొంతు ఆపరేషన్ అయింది.

ఇక కథ. పేరయ్యకు మూడెకరాల బత్తాయితోట ఉంది. ఉన్న ఒక్క బోరూ సగం చెట్లకే నీళ్ళిస్తోంది. కొత్త బోరు పడితే తోటంతా దక్కుతుంది. పడకపోతే, పక్కన తవ్విన పాపానికి పాత బోరులో ఊట కూడా పోవచ్చు. ఆ ఊళ్ళో రెండుసార్లు అలాగే పోయింది. బోరుబండి మధ్యాహ్నం మూడింటికి వస్తుంది. ఎక్కడ తవ్వాలో ఈలోగా మాల్యాద్రి పెట్టె చెప్పాలి.

ఆ పెట్టెను మాల్యాద్రి మేడంగారి షెడ్డులో రెండేళ్ళు కూర్చుని చేశాడు. నలభై ఎనిమిది ఇనుపమేకులు వరసగా నేలలో దిగ్గొట్టి తీగ కలిపితే, అది రెండు మేకుల గుండా భూమిలోకి కరెంటు పంపి, మరో రెండు మేకుల దగ్గర ఎంత వచ్చిందో వింటుంది. అలా వందలసార్లు విన్నాక నేల లోపలి బొమ్మ తెరమీదికి వస్తుంది. పాత పెట్టెలకు పూటంతా పట్టేది, తన పెట్టెకు గంట చాలు. ఈ మాట మాల్యాద్రి ఆటోవాడికీ, టీకొట్టాయనకీ కూడా చెప్పాడు, వాళ్ళు అడక్కపోయినా.

గంటలో బొమ్మ వచ్చింది. అందులో నేల ఉడుకుతున్న పప్పులా ఉంది. కరెంటు రొద తగ్గుతుందేమోనని మాల్యాద్రి ఊళ్ళో మోటార్లన్నీ ఆపించాడు. మేకుల మొదట్లో ఉప్పునీళ్ళు పోశాడు. పప్పు ఉడుకుతూనే ఉంది. చివరికి పేరయ్య ఇంటిముందు మంచంమీద కూర్చున్న మేడం దగ్గరికి వచ్చాడు.

"మేడం, వేగం పెంచితే రొద పెరుగుతోంది. రొద తగ్గాలంటే ప్రతి మేకు దగ్గరా ఆగాలి, అప్పుడు సాయంత్రమవుతుంది. రెండిట్లో ఏది వదులుకోమంటారు?"

"ఈ వీధిలో ఎండిన బోర్లు ఎంత లోతో అడిగి రాసుకురా," అన్నారు మేడం.

అంత పెట్టె చేసినవాడికి ఇల్లిల్లూ తిరిగే పని చెబితే ఎలా ఉంటుందో అలాగే ఉంది మాల్యాద్రికి. మొదటి ఇల్లు పేరయ్య వదిన వెంగమ్మది. మేకుల వరస ఆమె కళ్ళం మీదుగా పోయింది. ఆమె గోడమీదుగా మరిదితో మాట్లాడుతోంది. ఆ మాటలు పొరుగూరికి కూడా వినపడుతున్నాయి.

"ఏరా పేరయ్యా! నా కళ్ళమేమన్నా నీ గొడ్లచావిడా, మేకులు దిగ్గొట్టడానికి?"

"నా బత్తాయిలు బుట్టల్లో పట్టుకుపోయేటప్పుడు గుర్తురాలేదా వదినా నీ కళ్ళం?"

"అమ్మా, మీ బోరెంత లోతు?" అంటూ మధ్యలో దూరాడు మాల్యాద్రి.

"వెయ్యడుగులు! వీడి మాట విని తవ్వించాం, వీడి నోరు పడిపోను!"

గోడ అవతల పేరయ్యనడిగితే, అది రెండువందలకే ఆపేసిన బోరని, తన వదిన పీనాసిదని చెప్పాడు. మూడో ఇంటాయన ఆ తగువులో తప్పెవరిదో వివరించడానికి పావుగంట తీసుకుని, లోతు చెప్పడం మర్చిపోయాడు. ఏడిళ్ళకు ముప్పావుగంట పట్టింది.

మేడం కాగితం చూశారు. "మళ్ళీ వెళ్ళు. ఈసారి ఆ చివరింటి నుంచి రా. ఇప్పుడే అరిచినవాళ్ళను ఆఖర్న అడుగు."

"అట్లా అయితే నడక రెట్టింపు మేడం."

"నడువు."

నడిచాడు. చివరిళ్ళవాళ్ళు అడిగిందానికి చెప్పి తలుపేసుకున్నారు. అతను తిరిగి వచ్చేసరికి వెంగమ్మ చేటలో కందులు చెరుగుతోంది. "ఆరువందల నలభై, నాయనా. ముప్ఫై దాకా మట్టి, ఆ కిందంతా రాయే. కూర్చో, మజ్జిగ తాగుదువు." గోడ అవతల పేరయ్య కూడా ఆరువందల నలభై అనే అన్నాడు.

గడియారం చూసుకుంటే ఇరవై నిమిషాలే అయింది. మజ్జిగ గ్లాసుతో మాల్యాద్రి వీధి మధ్య నిలబడిపోయాడు. తన పెట్టె ఏ మేకు గుండా కరెంటు పంపిందో ఆ మేకునే, మరుక్షణం, నీకేం వినపడిందని అడుగుతోంది. దాని ఒళ్ళింకా చల్లారనే లేదు. అలాగని దానికోసం ఆగి కూర్చోనక్కర్లేదు. ఈలోగా అడగాల్సిన మేకులు బోలెడున్నాయి. వరస మారిస్తే చాలు.

గ్లాసు తిరిగివ్వడం మర్చిపోయి పరుగెత్తాడు. పెట్టెలో వరస మార్చి రాసేసరికి ఒంటిగంట. విన్నదే మళ్ళీ విననక్కర్లేక ఈసారి నలభై నిమిషాల్లోనే బొమ్మ వచ్చింది, ముగ్గు వేసినంత తేటగా. మేడం చాలాసేపు చూశారు. పాతికేళ్ళలో ఆవిడ చేసిన ఏ పెట్టె కూడా ఇంత శుభ్రమైన బొమ్మ ఇవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. మాల్యాద్రి రెండంగుళాలు పొడుగయ్యాడు.

ఆ తర్వాతే అతను బొమ్మలో ఏముందో చూశాడు. పాత బోరు దగ్గర ఒక సన్నని చార తప్ప, ఈ చివరినుంచి ఆ చివరిదాకా నీళ్ళు దాగే పగులన్నది లేని రాయి.

ఊరంతా చేరింది. ముందుచూపున్నవాళ్ళు పీటలు కూడా తెచ్చుకున్నారు.

"ఎక్కడా లేవా?" అన్నాడు పేరయ్య.

"ఎక్కడా లేవండీ."

"ఖాయమేనా అబ్బాయా?"

"ఖాయమండీ."

మూడింటికి బండి వచ్చింది. పేరయ్య దాన్ని తోట బయటినుంచే వెనక్కి పంపాడు. వదినను అడిగి గొడ్డలి తెచ్చుకుని, నీళ్ళందని సగం చెట్లు కొట్టేశాడు. మిగతా సగం ఆ ఏడు కాపుకొచ్చింది.

గొడ్డలి చప్పుడు వింటూ మేకులు పీకుతున్న మాల్యాద్రి అన్నాడు: "ఇంత చేసీ, లేవని చెప్పడానికా మేడం మనం వచ్చింది?"

మేడం పెట్టె మూత వేశారు.

"ఉన్నాయేమో అనడానికి పెట్టెందుకయ్యా, కొబ్బరికాయ చాలు."