అక్కమాంబ అడగని మాట

అనగా అనగా, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే రోజుల్లో, సాగరపట్నమని ఒక రేవు ఉండేది. ఆ రేవులో అక్కమాంబ అనే వర్తకురాలికి ఒక చిత్రశాల ఉండేది. సింహళం నుంచి, చీనా నుంచి, పారశీకం నుంచి చిత్రకారులు తమ బొమ్మలు అక్కడికే తెచ్చేవారు. కొనేవాళ్ళూ అంతే. ఏ దేశపు ఓడ దిగినా ముందు ఆవిడ గడపే తొక్కేవారు.

అక్కమాంబ పద్ధతి వేరు. బొమ్మ అమ్ముడుపోయినా పోకపోయినా, వేసినవాడి ఇంట్లో పొయ్యి ఆరనిచ్చేది కాదు. కొన్నవాడినీ ఊరికే పంపేది కాదు. ఏ గోడకు చెమ్మ తగలదో, పురుగు పట్టకుండా ఎండు వేపాకు ఎలా పెట్టాలో ఓపికగా చెప్పేది. చివరికి అతని చేతిలో తాంబూలం పెట్టి ఒక మాట తీసుకునేది. బొమ్మను నలుగురూ చూసేచోట ఉంచాలి. వేసినవాడు చూడాలని వస్తే తలుపు తీయాలి. ఆ మాట ఇవ్వనివాడు ఎంతటివాడైనా వట్టి చేతులతో ఓడ ఎక్కవలసిందే.

ఆ ఊళ్ళోనే చెంగల్రాయుడని, బట్టమీద కలంతో బొమ్మలు వేసే అద్దకపు పనివాడు ఉన్నాడు. తల్లి లేని పిల్ల పొన్నిని ఒంటిచేత్తో పెంచుకున్నాడు. పసితనం దాటకముందే ఆ పిల్ల జ్వరంతో పోయింది. పాపం, ఆ తండ్రి ఏడ్చి ఏడ్చి, ముఖం మనసులోంచి చెరిగిపోకముందే బిడ్డను బట్టమీదికి దించాడు. ఎర్రటి పరికిణీ కట్టుకుని, పగిలిన చేతి గాజు ముక్కలు ముందు పెట్టుకుని, అలిగి కూర్చున్న పిల్ల. అంతే బొమ్మ. చూసినవాళ్ళు నవ్వబోయి కంటతడి పెట్టేవారు.

దాన్ని తెచ్చి అక్కమాంబకు ఇచ్చాడు. ఇది కూడా అమ్ముతావా నాయనా అని ఆవిడ అడిగింది.

"ఇంట్లో ఉంటే నేనొక్కణ్ణే చూస్తానమ్మా. నలుగురి కంటా పడితే నా బిడ్డ బతికినట్టే. అప్పుడప్పుడూ వెళ్ళి చూసొస్తాను. చూపు మందగిస్తోంది, ఉన్నన్నాళ్ళు చూసుకుంటాను."

మొదట ఒక గుర్రాల వర్తకుడు వచ్చాడు. తన గోడ చిన్నదట, గాజు ముక్కలున్న అంచు కత్తిరించి ఇమ్మన్నాడు. అక్కమాంబ కుదరదంది. తరువాత పొరుగు రాజ్యపు మంత్రి వచ్చాడు. అలిగిన ముఖం ఇంట్లో శుభం కాదట, పిల్లను నవ్వించి ఇమ్మన్నాడు. ఆయన ముఖం చూస్తేనే ఎవరికీ నవ్వు రాదు, ఇక బొమ్మ అలిగితే ఆయనకెందుకు బాధ? ఆయన్నీ పంపేసింది.

మూడోవాడు ఆ ఊరి రత్నాల వ్యాపారి మాణిక్యశెట్టి. అతడు ఏమీ అడగలేదు. బొమ్మ ముందు కూర్చుని కళ్ళు ఒత్తుకున్నాడు. అక్కమాంబ మనసు కరిగిపోయింది. తాంబూలం పళ్ళెం పక్కనే ఉంది. కానీ ఇంతటి రసికుణ్ణి మాట ఇమ్మంటే అవమానించినట్టు ఉంటుందనుకుంది. అడగలేదు. ఒక్కోసారి మర్యాద మహా చెడ్డ పని చేస్తుంది, పిల్లలూ.

శెట్టికి ఆ బొమ్మంటే నిజంగానే ప్రేమ. అయితే అది మరొకరి కన్ను పడితే ఓర్వలేని ప్రేమ. కొన్న బొమ్మను ఇంటికి తీసుకెళ్ళి, గంధపు పెట్టెలో పెట్టి నేలమాళిగలో దాచేశాడు.

చెంగల్రాయుడు బిడ్డను చూడటానికి వెళ్ళాడు. శెట్టిగారు పూజలో ఉన్నారన్నారు. మళ్ళీ వెళ్ళాడు. వెలుతురు తగిలితే రంగు వెలిసిపోతుందన్నారు. ఆ రంగు కాచి, ఏటి ఒడ్డున ఎండబెట్టినవాడికే ఆ మాట చెప్పారు! మూడోసారి కర్రతో దారి తడుముకుంటూ వెళ్ళాడు. ఇంక కొన్నాళ్ళే నా చూపు, ఒక్కసారి చూపించమని కబురంపాడు. తలుపు తెరుచుకోలేదు.

సంగతి తెలిసి అక్కమాంబ పరుగున వెళ్ళింది. శెట్టి ఆవిడను గౌరవంగానే కూర్చోబెట్టాడు.

"తలుపు తీస్తానని నేను మీకు మాట ఇచ్చానా అమ్మా?" అన్నాడు.

అక్కమాంబ లేచి వచ్చి అతని గడప ముందు మంచినీళ్ళైనా ముట్టకుండా కూర్చుంది. ఆవిడ ఉప్పు తిన్న చిత్రకారులు, సింహళంవాళ్ళు, చీనావాళ్ళు, పారశీకంవాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. రోజులు గడిచాయి. వీధిలో తలెత్తుకోలేక శెట్టి చివరికి పెట్టె బయటికి పంపాడు.

అక్కమాంబ ఆ పెట్టెతో చెంగల్రాయుడి ఇంటికి వెళ్ళింది. ఆవిడ వీధిలో కూర్చున్న ఆ రోజుల్లోనే అతని చూపు పూర్తిగా పోయింది. బట్టను అతని ఒళ్ళో పరిచింది. అతను ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వేళ్ళతో తడిమాడు. ఎక్కడ తడిమినా ఒకటే బట్ట.

"రంగు చేతికి తగలదమ్మా. ముఖం ఎక్కడుందో చెప్పండి."

ఆవిడ అతని వేలు పట్టుకుని పొన్ని చెంపమీద పెట్టింది. తప్పు నాది నాయనా అని భోరున ఏడ్చింది. అతను వేలు తీయలేదు.

ఆ బొమ్మను అక్కమాంబ మళ్ళీ ఎవరికీ అమ్మలేదు. చిత్రశాల వాకిట్లోనే వేలాడదీసింది. దేశదేశాలవాళ్ళు వచ్చి పొన్నిని చూశారు. చూడవలసినవాడు మాత్రం చూడలేదు.

కాబట్టి పిల్లలూ, మొహమాటపడి అడగవలసిన మాట అడగకపోతే, ఆ నష్టం మనకు కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళకు తగులుతుంది.