పద్నాలుగో పెంకు

"మేడంగారూ, ఒక్కో పెంకుకి ఎంత రాస్తే చాలు?" అని మృదుల అడిగింది. అడగడంలో కాస్త విసుగు కూడా ఉంది. ఏటిమొగ దగ్గర తవ్వకాల్లో దొరికిన కూజా ముక్కలు ఆ మ్యూజియం వెనకగదిలో రాశులుగా ఉన్నాయి. రెండు వేల ఏళ్ళ కిందట ద్రాక్షసారా నింపుకుని రోము ఓడల్లో వచ్చిన కూజాలవి. తాయారమ్మగారు ఒక్కో ముక్కకి రిజిస్టరులో అరపేజీ రాసేవారు. ఆవిడ దగ్గర పని నేర్చుకుంటున్న మృదుల మాత్రం ఒక్క వరుసతో సరిపెట్టేది.

నలభై ఏళ్ళుగా ఆ గది తాళంచెవి తాయారమ్మగారి కొంగునే ఉంది. ఈమధ్య ఆవిడకి మరుపొచ్చింది. పోయినవారం మృదుల పేరే నోటికి రాక, రోజంతా "ఏమమ్మా, ఏమమ్మా" అని నెట్టుకొచ్చారు. ఇంక తనవల్ల ఈ గదికి ఉపయోగమేమిటి, తాళంచెవి ఈ పిల్లకిచ్చి ఇంట్లో కూర్చోవడమే మర్యాద అని ఆ ఉదయం నిశ్చయించుకునే వచ్చారు. కొంగు ముడి సగం విప్పారు కూడా. అంతలో ఈ ప్రశ్న.

ఆవిడ మృదుల సర్దిన పళ్ళెం ముందుకు లాక్కున్నారు. ఇరవై మూడు పెంకుల కింద ఉన్న నంబరు చీటీలన్నీ ఏరి పక్కన పెట్టి, పెంకుల్ని కలిపేశారు.

"అయ్యయ్యో! ఇదేం పని మేడంగారూ!"

"నీకన్నీ చూడగానే తెలుసుగా, భయమెందుకు? పద్నాలుగోది చదువు."

"కూజా మెడ పెంకు. ఎర్రది. గ్రీకు అక్షరాలు మూడు."

తాయారమ్మగారు ఒకటి తీశారు. కాదంది మృదుల. ఇంకోటి తీశారు. అదీ కాదు. అక్షరాలున్న ఎర్ర పెంకులు ఆ పళ్ళెంలో ఆరున్నాయి.

"భలేవారే! మొన్న మీరే కదా దాన్ని కడిగి, తుడిచి, నా చేతికిచ్చారు!" అని మృదుల నవ్వింది.

కడగడమే కాదు, ఆ మొన్న అనే రోజే ఆవిడ దగ్గర లేదు. అయినా పెన్సిలు తీసి మృదుల ముందుకు జరిపారు.

"కడిగే ఉంటాను. మళ్ళీ రాయి."

మృదుల ఆ పెంకు వెతికి తీసుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చుంది. రాద్దామని చూస్తే ఇదివరకు కనబడనివి కనబడ్డాయి. పిడి అంటించిన చోట, లోపలివైపు, కుమ్మరి బొటనవేలి నొక్కు. మూడో అక్షరం గీకుతుంటే మేకు మొన మట్టిలోని ఇసుక పలుకుకి తగిలి పక్కకి జారిన గీత. పావుగంట రాసింది. రాసి, తనే పెంకుల్ని మళ్ళీ కలిపి, చదవడం మొదలుపెట్టింది.

తాయారమ్మగారు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు ఒక్కో పెంకునీ తడుముతూ పోయాయి. ఒకచోట, రెండు వేల ఏళ్ళనాటి నొక్కులో ఆవిడ బొటనవేలు కుదురుగా కూర్చుంది. గీత జారినచోట చూపుడువేలు ఆగింది. పెంకు పైకెత్తి పట్టుకున్నారు.

అదే.

"గుర్తొచ్చిందా మేడంగారూ?" అంది మృదుల సంబరంగా.

"లేదు," అన్నారావిడ తలెత్తి. సగం విప్పిన కొంగు ముడి గట్టిగా బిగించుకున్నారు. "ఈ గదిలో ఏమీ గుర్తులేనిదాన్ని నేనొక్కదాన్నే. రేపు రిజిస్టరు తెరిచేవాళ్ళూ నాలాంటివాళ్ళే. నాకు దొరికేలా రాయి. చాలు."